ఇంట్లో ఎక్కువసేపు మండే స్టవ్వు

వంటపాత్రలు చేసే ఆ చిన్న కార్ఖానాలో ఆవిణ్ణి అందరూ మూతలావిడ అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఆవిడా పలుకుతుంది. పలక్క ఏం చేస్తుంది? చేరిన నాటి నుంచీ ఆవిడ గీసినవన్నీ మూతలే. కుక్కరు మూత, డబ్బా మూత, ఫ్లాస్కు మూత, ఆ మూత మీద పిడి, పిడి కింద వాషరు. గిన్నె గీసే భాగ్యం ఎప్పుడూ ఇంకొకరిది. గిన్నె గీసినవాడు పేరు కొట్టేసి పెద్ద కంపెనీకి చెక్కేస్తాడు. మూత బిగుసుకుపోయిందని ఎవరైనా దుకాణంలో గోల చేస్తే మాత్రం చీవాట్లు ఈవిడకి. ఇదేం న్యాయమయ్యా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. ఆవిడ జుట్టు నెరిసింది, కళ్ళజోడు అద్దాలు మందమయ్యాయి, మూతలు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు.

అలాంటిది ఒకనాడు ఓనరుగారు పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమనడమే పెద్ద వింత.

"బల్ల మీద పెట్టుకునే చిన్న స్టవ్వు కావాలమ్మా," అన్నారు. "గ్యాసు వద్దు, కరెంటు వద్దు. స్పిరిట్‌తో మండాలి. ఒంటి గదుల్లో ఉండేవాళ్ళు ఇద్దరికి సరిపడా ఏదైనా ఉడికించుకునేలా ఉండాలి. మీరే గియ్యండి."

"మూతేనా అండీ?"

"మూత, గిన్నె, కాళ్ళు, మంట, అన్నీను! మొత్తం మీదే."

ఆవిడ తల ఊపి నమూనాల గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. అది సంతోషమో భయమో ఆవిడకే తెలియలేదు. కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని పెన్సిలు చెక్కుకుంది.

గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. లేతు మేస్త్రి చేత ఇత్తడిలో చేయించింది, నచ్చక స్టీలులో చేయించింది. చివరికి తయారైంది చూడండీ, ఎంత ముచ్చటైన వస్తువో! అన్నం పళ్ళెమంత చోటులో ఒదిగిపోతుంది. నడుమ స్పిరిట్ పోసుకునే చిన్న గిన్నె, అందులో స్పిరిట్ ఒలక్కుండా పీల్చి పట్టుకునే దూదిలాంటి గాజు ఊలు, చుట్టూ గాలికి అడ్డంగా చిల్లుల గోడ, పైన వంటగిన్నె ఆనడానికి మూడు కొమ్ములు. మంట ఆర్పడానికి ఒక మూత. ఆ మూత సంగతి వేరే చెప్పాలా? అలా పెడితే చాలు, మంట చప్పున ఆరిపోయేది.

షరతు ఒక్కటే. ఒకసారి నింపిన స్పిరిట్‌తోనే గిన్నెడు బంగాళాదుంపలు ఉడికిపోవాలి. మధ్యలో మళ్ళీ పోయడానికి వీల్లేదు. ఎందుకంటే స్పిరిట్ మంట మాయదారిది. చీకట్లో నీలంగా కనబడుతుంది గానీ పగటి వెలుతుర్లో కంటికి ఆనదు. ఆరిపోయింది కదా అని సీసా వంచామా, మంట ధార వెంబడే ఎగబాకి సీసాను అందుకుంటుంది. అందుకే స్టవ్వు పక్కన 'మండుతుండగా స్పిరిట్ పోయరాదు' అని చీటీ ఉండాలని ఆవిడే పట్టుబట్టింది. ఇంటికి తెచ్చుకున్న నమూనా మీద ఆ చీటీని జిగురు రాసి, వంకర లేకుండా అంటించింది ఆవిడ భర్త.

ఆయన గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. వీధిలో ఆయన్ని జనరేటరాయన అంటారు. సినిమా హాల్లో జనరేటరు నడిపేవాడు. కరెంటు పోయిందంటే హాలు హాలంతా ఆయన చేతిలో ఉన్నట్టే. ఆట మధ్యలో డీజిలు పోయడానికని జనరేటరు ఆపితే జనం కుర్చీలు విరగ్గొడతారు. అందుకని తిరుగుతున్న ఇంజనులోనే, చెయ్యి వణక్కుండా, చుక్క ఒలక్కుండా డీజిలు పోసేవాడు. చెయ్యకూడని పనే. ఆ చెయ్యకూడని పనికే మేనేజరు భుజం తట్టేవాడు. తర్వాత హాలు మూతపడింది, ఆయన ఇంట్లో పడ్డాడు. కానీ చేతులు ఊరుకోవుగా! నీళ్ళ కూజా సగమైతే ఆయనకి ఊపిరాడదు. పక్కింటివాళ్ళ సైకిలు చైనుకి కూడా అడక్కుండానే నూనె వేసి వస్తాడు. వాళ్ళు థాంక్సు చెప్పరు. ఈయన పట్టించుకోడు.

ఇక అసలు తిరకాసు. కార్ఖానాలో వెలిగిస్తే దుంపలు ఉడక్కముందే స్టవ్వు ఆరిపోయేది. ఫోర్కు గుచ్చితే నడిమధ్యకొచ్చి టక్కున ఆగేది. అదే స్టవ్వును ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద వెలిగిస్తే హాయిగా మండుతూనే ఉండేది, దుంపలు వెన్నలా ఉడికేవి. మొదటిసారి అలా ఉడికినప్పుడు ఆవిడ ఆ పూటంతా నేల మీద నిలవలేదు. మర్నాడు కార్ఖానాలో మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ రాళ్ళే.

"ఇంటి చేతి మహిమ అక్కయ్యా," అన్నాడు లేతు మేస్త్రి.

"అక్కడా నా చెయ్యే, ఇక్కడా నా చెయ్యే కదయ్యా!"

"అయితే ఇక్కడ మీకు మనసు లేదన్నమాట."

ఓనరుగారికి ఇదేం పెద్ద సమస్యగా కనిపించలేదు. "కార్ఖానాలో గాలి ఎక్కువమ్మా. జనం వాడేది ఇళ్ళల్లో. కాబట్టి ఇంటి లెక్కే అసలు లెక్క," అని తేల్చేసి, ఆ లెక్కే దుకాణాలవాళ్ళకి చెప్పుకుంటూ తిరిగారు. ఆవిడకి మాత్రం మింగుడుపడలేదు. నమూనాల గది కిటికీలు మూసేసి చూసింది. ఇనప బల్ల వేడి లాగేస్తోందేమోనని దాని మీద చెక్క వేసి చూసింది. ఇంటి నీళ్ళు క్యానులో పట్టుకొస్తే గేటు దగ్గర వాచ్‌మన్ నవ్వాడు, "ఏమ్మా, మా నీళ్ళు మీ దుంపలకి పడట్లేదా?" అని. ఒకే గోనెలోని దుంపల్ని సగం ఇక్కడా సగం అక్కడా ఉడికించింది. ఊహూ. ఇంట్లో మెత్తగా, ఇక్కడ గట్టిగా. బుర్ర బద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు.

ఒక్క తేడా మాత్రం ఆవిడకి తట్టలేదు. కార్ఖానాలో అయితే వెలిగించింది మొదలు ఆరేదాకా కన్నార్పకుండా ఎదురుగా కూర్చునేది. ఇంట్లో ఎక్కడ కుదురుతుంది? బట్టలు ఆరెయ్యాలి, గిన్నెలు సర్దాలి, గుమ్మంలో ఎవరో పిలుస్తారు. "నువ్వెళ్ళి పని చూసుకోవే, నేను కనిపెట్టుకుని ఉంటాలే," అనేవాడు జనరేటరాయన. గాలి తేడా, నీళ్ళ తేడా, బల్ల తేడా అంటే వెతకొచ్చు. మొగుడు కూడా ఒక తేడా అని ఏ చదువులో చెప్పారు గనక!

అలా ఉండగా ఒక ఉదయం ఆవిడ మేడ మీద దుప్పటి ఆరేస్తుంటే కింద భుస్సుమని చప్పుడైంది. దుప్పటి అక్కడే పడేసి దిగి వచ్చేసరికి బల్లగుడ్డ ఒక పక్క నల్లగా మాడి ఉంది. గదంతా వెంట్రుకలు కాలిన కంపు. స్టవ్వు మీద మూత పెట్టి ఉంది. ఆయన వంటింటి గుమ్మంలో ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైందండీ?"

"ఏమో. దానంతటదే భుస్సుమంది. నేను మూత పెట్టేశాను."

"మీకేం కాలేదుగా?"

"నాకేమవుతుంది!"

ఆవిడ ఆయన మొహం చూడాల్సింది. స్టవ్వును చూసింది. ఆ రోజు మొదలు ఆయన ఇంట్లో కూడా పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కున్నాడు. మండుటెండల్లో అదేం సింగారమో ఆవిడ అడగలేదు. బుర్రనిండా ఆ భుస్సు ఒక్కటే మోగుతుంటే మిగతాది ఎక్కడ వినబడుతుంది?

దానంతటదే ఎందుకు భగ్గుమంటుంది? ఆవిడ పని తలకిందులైపోయింది. స్టవ్వును వంచింది, కుదిపింది, ఫ్యాను గాలికి పెట్టింది, మూత సగం వేసి చూసింది. అది బుద్ధిగా మండి బుద్ధిగా ఆరిపోయేది.

"అందరూ వస్తువు పనిచెయ్యాలని చూస్తారు, మీరేంటక్కయ్యా చెడిపోవాలని చూస్తున్నారు?" అన్నాడు లేతు మేస్త్రి.

"ఎలా చెడుతుందో తెలియనిదాన్ని బాగుందని ఎలా అనేదయ్యా?"

ఇది చాలదన్నట్టు ఇంకో వింత మొదలైంది. ఇంట్లో కూడా దుంపలు ఉడకడం మానేశాయి. వెలిగిస్తే కార్ఖానాలో లాగే ముందే ఆరిపోవడం, ఫోర్కు టక్కుమనడం. ఇన్నాళ్ళూ ఇల్లెందుకు బాగుందో తెలియక ఏడ్చింది, ఇప్పుడు ఇల్లెందుకు పాడైందో తెలియక ఏడవాల్సొచ్చింది. నిజంగానే తన చేతిలో ఏదో లోపం ఉందేమోనని అద్దం ముందు నిలబడి చేతులు చూసుకుంది పిచ్చి తల్లి.

ఓనరుగారికి అంత ఓపిక లేదు. "రేకు వంచే అచ్చులు, అదే డైలు, కొట్టించడానికి సోమవారం ఇచ్చేస్తున్నాను. మీరు గీసిన బొమ్మ మీద మీ సంతకం కావాలి. దుకాణాలవాళ్ళకి ఇంటి లెక్క చెప్పి ఒప్పించాను. ఇప్పుడు కాదంటే ఇక మూతలే గీసుకోండి," అని మొహం మీదే చెప్పేశారు. సంతకం పెడితే ఆ స్టవ్వు ఎక్కడెక్కడి బల్లల మీదకో వెళ్తుంది, ఎవరి ఇంట్లో భుస్సుమంటుందో తెలియదు. పెట్టకపోతే జన్మకల్లా తనదంటూ చేసిన ఒకే ఒక్క వస్తువు అటకెక్కుతుంది. ఏం చెయ్యాలో పాలుపోక ఆవిడ ఆదివారం ఇంట్లో బల్ల ముందు కూలబడింది.

"నాకేం అర్థం కావట్లేదండీ," అంది ఆయనతో. "ఇవాళ ఆఖరిసారి వెలిగిస్తాను. ఉడక్కపోతే నేను మూతలకే పుట్టానని ఒప్పేసుకుంటాను."

ఆవిడ స్పిరిట్ నింపి, వెలిగించి, గిన్నె పెట్టి, బట్టలు తీసుకురావడానికి మేడ మెట్లెక్కింది. సగం ఎక్కాక కళ్ళజోడు బల్ల మీదే మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

ఆయన వంగి ఉన్నాడు. ఒక చేత్తో గిన్నెను కాస్త పక్కకి ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో స్పిరిట్ సీసా వంచుతున్నాడు. కిటికీలోంచి ఎండ సూటిగా బల్ల మీద పడుతోంది. మంట కనబడటం లేదు గానీ దాని పైన గాలి వణుకుతోంది.

"చెయ్యి తియ్యరా!" అని అరిచింది ఆవిడ.

పెళ్ళినాటి నుంచి ఏమండీ తప్ప ఎరగని నోరు అది. ఆయన ఉలిక్కిపడి సీసా వెనక్కి లాక్కున్నాడు. ఆవిడ ఒక్క అంగలో వచ్చి మూత పెట్టేసింది. ఇద్దరూ వగరుస్తూ ఒకరినొకరు చూసుకున్నారు. మంటకి భయపడాలో, ఆ 'రా'కి భయపడాలో ఆయనకి తెలిసినట్టు లేదు.

ఆవిడ ఆయన చొక్కా చెయ్యి పైకి లాగింది. మణికట్టు నుంచి పైదాకా చర్మం ముడుచుకుపోయి, అక్కడక్కడా ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇది ఎప్పటిది?"

"అదే... భుస్సుమన్న రోజుది."

"దానంతటదే అన్నారుగా!"

"అన్నాను."

"అంతకుముందు కూడా పోసేవారా?"

"ఇంట్లో వెలిగించినప్పుడల్లా పోశాను. కాలాక భయమేసి మానేశాను. ఇవాళ నువ్వు ఆఖరిసారి అన్నావని మళ్ళీ..."

"చీటీ మీరే అంటించారు కదండీ! చదివే కదా అంటించారు! పోయరాదు అని ఇంతింత అక్షరాలతో రాసి ఉంటే!"

"అది జనానికి కదే," అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆవిడ ఆయన చేతిలోంచి సీసా లాక్కుంది. ఒక్క క్షణం మనసు తేలికైంది, ఇన్నాళ్ళ చిక్కు విడిపోయింది గనక. మరుక్షణం అంతా కుప్పకూలింది. ఇంటి గాలి కాదు, నీళ్ళు కాదు, మహిమ కాదు. ఆ స్టవ్వు ఒక్కసారి నింపితే బంగాళాదుంపల్ని ఏనాడూ ఉడికించలేదు. తాను మురిసిపోయిందంతా ఈయన దొంగచాటుగా పోసిన స్పిరిట్‌ని చూసి. కోపంతో ఒళ్ళు మండిపోయింది. అయినా ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి కట్టు కట్టించింది.

సోమవారం ఓనరుగారి గదిలో స్టవ్వు పెట్టి, ఆయన కళ్ళముందే నింపి వెలిగించింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"మీ ఆయన తిక్క పనికి నా సరుకు ఆపుకోవాలా? లోకమంతా మీ ఆయనలా ఉంటారా అమ్మా? చీటీ ఎర్ర రంగులో పెద్దగా వేయిద్దాం, పోయద్దంటే ఎవరు పోస్తారు?"

"చదివినవాళ్ళే పోస్తారండీ."

"పోస్తే అది వాళ్ళ ఖర్మ! మనం రాశాం, మన బాధ్యత తీరింది." ఆయన లేచి గదిలో అటూ ఇటూ తిరిగారు. దుకాణాలవాళ్ళని ఎంత బతిమాలుకున్నదీ, తన మాట పోతే మార్కెట్లో తలెత్తుకోలేనిదీ ఏకరువు పెట్టారు. తిరుగుతూ తిరుగుతూ బల్ల దగ్గర ఆగి ఫోర్కు తీసి దుంపకి గుచ్చారు. "చూశారా, దాదాపు ఉడికింది! ఇంకాస్త ఉంటే చాలు. స్పిరిట్ అయిపోయి ఆరినట్టుంది, ఇందుకేనా ఇంత రాద్ధాంతం," అంటూ గిన్నె పక్కకి జరిపి సీసా మూత తిప్పారు.

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది. ఓనరుగారి చెయ్యి పట్టుకోవడమే! బయటి నుంచి తలుపులోకి తొంగిచూస్తున్న లేతు మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. ఆవిడ రెండో చేత్తో పాత కాగితం ముక్కొకటి తీసి స్టవ్వు మీదకి చాపింది. కాగితం అంచు నల్లబడి అంటుకుంది. దాన్ని నీళ్ళ గ్లాసులో పడేసి, ఆయన చేతిలోంచి సీసా మెల్లిగా తీసుకుని దూరంగా పెట్టింది.

ఓనరుగారు కుర్చీలో కూర్చుండిపోయారు. తన చెయ్యి తానే చాలాసేపు చూసుకున్నారు.

"చీటీ నేను చదివానమ్మా," అన్నారు చివరికి.

"తెలుసండీ."

"అయినా ఎందుకు పోయబోయాను?"

"నాకూ తెలియదండీ. దుంప ఉడకాలని అనుకున్నారు, అంతే."

సరుకు ఆగిపోయింది. దుకాణాలవాళ్ళకి ఏం చెప్పుకుంటారో ఓనరుగారి తిప్పలు ఓనరుగారివి. మళ్ళీ గీస్తారా అని ఆయన అడిగితే ఆవిడ తెలియదంది. నిజంగానే తెలియదు. ఇంటికి వస్తుంటే తనదైన ఒక్కగానొక్క వస్తువు పోయిందన్న దుఃఖం మనసులో నిండింది. ఎవరి ఒళ్ళూ కాలదన్న నిశ్చింత కూడా దాని పక్కనే ఉంది. రెండూ ఒకే మనసులో ఎలా పట్టాయో మరి.

ఆయన కట్టు కట్టిన చేత్తో తలుపు తీశాడు. "ఏమన్నారు?"

"ఆపేశారు."

ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ సంచీ బల్ల మీద పెట్టి, నిన్నటి నుంచీ మనసులో నలుగుతున్నది అడిగేసింది.

"అసలు ఎందుకు చేశారండీ? మొదటిసారి ఎందుకు పోశారు? ఎవరడిగారు మిమ్మల్ని?"

"మొదటిసారి అలవాటుకొద్దీ పోశానే, అబద్ధం చెప్పను. అయిపోతోందనిపించింది, చెయ్యి వెళ్ళిపోయింది. నువ్వు కిందకొచ్చి దుంప గుచ్చావు. మెత్తగా దిగింది. అప్పుడు నీ మొహం చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో నీ మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూళ్ళేదే. చెబితే పోతుందని చెప్పలేకపోయాను. మళ్ళీ చూడాలని మళ్ళీ పోశాను."

ఈ మనిషిని ఏం చెయ్యాలి? చేసిందంతా చేసి ఇప్పుడీ మాట చెబితే కోప్పడేదెలా? ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"నా మొహం కోసం మీ చెయ్యి కాల్చుకుంటారా? ఇంత వయసొచ్చాక ఇదేం బుద్ధండీ?"

"మళ్ళీ గియ్యవే," అన్నాడు ఆయన.

"గీస్తే మీరు మళ్ళీ పోస్తారు."

పొయ్యనని ఒట్టు వేస్తాడనుకుంది ఆవిడ. ఆయనకి అబద్ధమాడటానికి మనసొప్పినట్టు లేదు.

"పోస్తానేమోనే," అన్నాడు. "నువ్వు ఏడుస్తూ కూర్చుంటే పోస్తాను. నా మీద నాకే నమ్మకం లేదు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, సంచీలోంచి తెల్ల కాగితం తీసి మడత విప్పి బల్ల మీద పరిచింది.

"అయితే మీరు పోసినా చెయ్యి కాలనిది గియ్యాలి," అంది.